లోపలి నుంచి తెరుచుకుంటుందా?

పాత కారుకు రిమోట్ తాళం పెట్టించడం ఇప్పుడు మా కర్నూలులో మామూలైపోయింది. సెకండ్ హ్యాండ్ కారైనా సరే, బటన్ నొక్కగానే నాలుగు తలుపులకూ టక్కున తాళం పడాల్సిందే. నేనేమీ వద్దనను. చంకలో బిడ్డ, చేతిలో కూరగాయల సంచి పెట్టుకుని బ్యాగు అడుగున తాళంచెవి వెతుక్కునే బాధ మనకే తెలుసు. కానీ ఆ తాళం పెట్టించే చోట మనం ఉండం. మగవాళ్లు వెళ్తారు, కూత ఎలా ఉండాలో, లైటు ఎట్లా మెరవాలో అడిగి వస్తారు. లోపల బిడ్డ చిక్కుకుంటే ఎట్లా బయటికి రావాలో ఎవరూ అడగరు. అది మనం అడగాలి అనేదే నా మాట.

2025 మే 18న విజయనగరం దగ్గర ద్వారపూడిలో నలుగురు పిల్లలు ఆడుకుంటూ ఆగి ఉన్న కారులోకి ఎక్కారు. తలుపులు లాక్ అయిపోయి, ఊపిరాడక నలుగురూ పోయారు. అందరూ పదేళ్లలోపు వాళ్లే. ఎండలో ఆపిన కారులో పది నిమిషాలకే పది డిగ్రీల దాకా వేడి పెరుగుతుంది. మన కర్నూలు, కడపల్లో మే నెలలో బయటే 43, 44 ఉంటుంది. సెలవులకు అందరూ పుట్టిళ్లకు చేరేదీ, వాకిట్లో కార్లు నిలిచేదీ, పిల్లలు దాగుడుమూతలాడేదీ ఆ నెలలోనే.

ఈ తాళం సంగతి మనకు అర్థం కానిదేమీ కాదు. బోరు మోటారు స్టార్టర్ చూశారు కదా? మనం నొక్కేది చిన్న బటన్, మోటారుకు వెళ్లేది పెద్ద కరెంటు. కారులో రిలే చేసేదీ ఆ పనే. తలుపులో చిన్న మోటారు ఉంటుంది. కరెంటు ఒకవైపు పారితే తాళం పడుతుంది, తిప్పి పారిస్తే వస్తుంది. దాన్ని నడిపే సత్తువ రిమోట్ పెట్టెకు లేకపోతే, వేయడానికొకటి, తీయడానికొకటి రిలేలు కలుపుతారు. బ్యాటరీ నుంచి వాటికి వచ్చే వైరుకు ఫ్యూజు ఉండాలి. లేకపోతే వైరు ఎక్కడన్నా ఒరుసుకున్న రోజు కాలిపోతుంది.

కారు ఇంటికి రాగానే మీరే లోపల కూర్చోండి. బయటి నుంచి రిమోట్‌తో తాళం వేయించుకుని, చేత్తో నాబ్ ఎత్తి తలుపు తీయండి. ముందు తలుపులు రెండూ సులువుగా రావాలి. బ్యాటరీ దిగిపోయిన రోజు రిలే పని చేయదు, ఆ నాబే దిక్కు. వెనక తలుపులకు చైల్డ్ లాక్ వేసి ఉంటే, తాళం తీసి ఉన్నా లోపలి నుంచి తెరుచుకోవు.

ఇంకొకటి. చాలా రిమోట్లు, తాళం తీశాక కాసేపట్లో ఎవరూ తలుపు తెరవకపోతే తిరిగి వేసేస్తాయి. తలుపు తెరిచిన సంగతి పెట్టెకు తెలిపే వైరు ఒకటుంటుంది. అది కలపకపోతే బిడ్డ ఎక్కి తలుపు మూసుకున్నాక కూడా తాళం పడొచ్చు. "అది కలిపావా నాయనా?" అని మెకానిక్‌ను అడగడానికి మొహమాటం ఎందుకు?

"అతనికి తెలీదా, నువ్వు చెప్పాలా?" అంటారు ఇంట్లో. తెలుసు. కానీ అతను చూసేది కారును. మన ఇంట్లో ఎంతమంది చిన్నబిడ్డలు తిరుగుతారో అతనికెట్లా తెలుస్తుంది?

బిడ్డలకూ నేర్పండి. చిక్కుకుంటే ముందు సీటులోకి దూకి ఆ తలుపు తీయాలి, రాకపోతే హారన్ నొక్కుతూనే ఉండాలి. చాలా కార్లలో తాళంచెవి లేకున్నా హారన్ మోగుతుంది, మీ కారులో మోగుతుందో లేదో ఈ రోజే చూడండి. వాకిట్లో నిలిపిన కారుకు ఎప్పుడూ తాళం వేసే ఉంచండి. ఆ రిమోట్ మాత్రం పిల్లలకు అందని మేకుకు తగిలించండి.