రిమోట్ రానిది ఎవరికి?

"మా ఇంట్లో వాళ్ళకి టెక్నాలజీ రాదండీ."

ఈ మాట ఆఫీసు క్యాంటీన్లో ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. చెప్పేవాడు పదీపదిహేనేళ్ళ అనుభవమున్న సాఫ్ట్‌వేర్ ఇంజనీరు. సంగతేంటంటే, అయ్యగారు దసరాకి ఊళ్ళో అమ్మానాన్నలకి హోమ్ థియేటర్ కొనిచ్చారు. ఏడు స్పీకర్లు, ఓ సబ్‌వూఫర్, వాటన్నిటికీ తలకాయలాగా ఓ సరౌండ్ ప్రాసెసర్ డబ్బా (ఏవీ రిసీవర్ అంటారు). సంక్రాంతికి వెళ్ళి చూస్తే ఆ డబ్బా మీద అల్లిక గుడ్డ, గుడ్డ మీద ప్లాస్టిక్ పూలకుండీ! టీవీ మాత్రం తన సొంత బుల్లి స్పీకర్లతోనే గొణుగుతోంది. "అంత డబ్బు పోశాను, వాడుకోవడం చేతకాదు వాళ్ళకి" అని ఈయన బాధ. (అన్నట్టు, ఆ డబ్బా బాగా వేడెక్కే రకం. పైన గుడ్డ కప్పకూడదు. అది కూడా వాళ్ళకి ఎవరూ చెప్పలేదు.)

నాకు ఒళ్ళు మండేది సరిగ్గా ఇక్కడే.

మాది భద్రాచలం వైపు. ఖమ్మం దాటి కొత్తగూడెం, పాల్వంచ మీదుగా వెళ్తుంటే చేలు పోయి అడవి మొదలవుతుంది చూడండి, ఆ దారి. ఆ చుట్టుపక్కల మా బంధువుల ఇళ్ళలో ఇలా గుడ్డ కప్పుకుని కూర్చున్న డబ్బాలు చాలానే చూశాను. వాటి యజమానులు ఎలాంటి వాళ్ళో కూడా చూశాను. ఒక బాబాయ్ మణుగూరు ఓపెన్‌కాస్టులో ఇంటి కంటే ఎత్తుండే డంపర్ నడిపి రిటైరయ్యాడు. పొలంలో మోటారుకి ఒక ఫేజు పోతే గట్టు మీద నిలబడి, మూలుగు విని చెప్పేస్తాడు. ఖమ్మం యార్డులో మిర్చి ఏ రేటు పలికిందో ఫోన్లో చూసుకోకుండా బస్తా కదిలించడు. మా పెద్దమ్మ పాలవాడికి యూపీఐలో డబ్బులు కొడుతుంది, రాలేదంటే స్క్రీన్‌షాట్ కూడా పంపుతుంది. వీళ్ళకి టెక్నాలజీ రాదా?

సరే, ఆ డబ్బా వాళ్ళ నుంచి ఏం కోరుతోందో మన భాషలోనే చెప్పుకుందాం. టీవీ, సెట్‌టాప్ బాక్సు, స్ట్రీమింగ్ స్టిక్కు, రిసీవర్. నాలుగు మెషిన్లు, నాలుగు రిమోట్లు. ఒక్కోదానికీ ఓ స్టేట్ ఉంటుంది, అది బయటికి కనపడదు. టీవీ ఏ ఇన్‌పుట్‌లో ఉంది? రిసీవర్ ఏ ఇన్‌పుట్‌లో ఉంది? టీవీ స్పీకర్ ఆన్‌లో ఉందా? హెచ్‌డీఎంఐ ఆర్క్ పట్టుకుందా, వదిలేసిందా? ఈ నాలుగైదు సంగతులూ ఒకేసారి కుదిరితేనే శబ్దం వస్తుంది. ఒక్కటి తప్పినా నిశ్శబ్దం. ఎర్రర్ మెసేజ్ లేదు, లాగ్ లేదు. ఇలాంటి సిస్టమ్‌ని మనం ఆఫీసులో డెలివర్ చేస్తే క్లయింటు ఊరుకుంటాడా? మొదటి రోజే ప్రయారిటీ వన్ టికెట్టు పడుతుంది, అర్ధరాత్రి కాల్‌లో కూర్చోబెడతారు. ఇంట్లో మాత్రం క్లయింటు అమ్మ కాబట్టి "యూజర్ ఎర్రర్" అని టికెట్ మూసేస్తాం :)

పైగా మా వైపు ఇంకో ముచ్చట. పాల్వంచలో ఒక థర్మల్ స్టేషను, మణుగూరు దగ్గర ఇంకొకటి. దేశానికి కరెంటు ఇస్తున్నాం. కానీ ఈదురుగాలి లేస్తే అడవిలోంచి వచ్చే లైను మీద ఏదో కొమ్మ పడుతుంది, కరెంటు పోతుంది. మళ్ళీ వచ్చాక సెట్‌టాప్ బాక్సు తనంతట తను లేస్తుంది, టీవీ లేస్తుంది, రిసీవర్ మాత్రం స్టాండ్‌బైలో పడుకునే ఉంటుంది. బొమ్మ ఉంది, మాట లేదు. షోరూమ్ వాడు ఇది చూపించి ఉండడు, షోరూమ్‌లో గాలివాన రాదు కదా.

సరే, శబ్దం వచ్చిందే అనుకోండి. అప్పుడు అసలు కష్టం మొదలు. మాటలు వినపడవు.

సినిమాలో మాటలు దాదాపు అన్నీ సెంటర్ చానెల్లోంచి వస్తాయి. థియేటర్లో ప్రతి చానెల్నీ ఒక కొలతకి సరిచేసి పెడతారు: ప్రమాణ స్థాయి 85 డెసిబెల్స్, దాని పైన పేలుళ్ళకి మరో 20. అంటే ఒక్కో చానెల్ 105 దాకా వెళ్ళొచ్చు, బేస్ చానెల్ అయితే 115. ఇంట్లో ఆ స్థాయిలో ఎవరూ పెట్టరు. పైగా మా వైపు ఊళ్ళు రాత్రి తొమ్మిదింటికల్లా సద్దుమణుగుతాయి, అడవి అంచున చిన్న చప్పుడు కూడా నాలుగిళ్ళవతలికి వెళ్తుంది. పక్కింటి వాళ్ళు ఏమనుకుంటారో అని నాన్న వాల్యూమ్ తగ్గిస్తాడు. తగ్గిస్తే అన్నీ కలిసి తగ్గుతాయి. మెల్లగా చెప్పే మాట ఫ్యాను చప్పుడు కిందకి దిగిపోతుంది, పేలుడు మాత్రం పైనే ఉంటుంది. ఇక అమ్మ సినిమా అంతా రిమోట్ చేత్తో పట్టుకుని, మాటలొస్తే పెంచడం, ఫైటు వస్తే తగ్గించడం. రెండున్నర గంటల డ్యూటీ. నాలుగు రోజులు చేసి విసుగొచ్చి గుడ్డ కప్పేసింది. తెలివైన పనే చేసింది.

కడుపుమండే సంగతేంటంటే దీనికి మందు ఆ డబ్బాలోనే ఉంది. పెద్ద చప్పుళ్ళని అణిచి చిన్న మాటల్ని పైకి తెచ్చే సౌకర్యం ఉంది, నైట్ మోడ్ అనో డైనమిక్ రేంజ్ కంప్రెషన్ అనో పేరు. సెంటర్ స్పీకర్‌ని విడిగా రెండు మూడు డెసిబెల్స్ పెంచుకోవచ్చు. కొన్నిటిలో డైలాగ్ లెవెల్ అని తిన్నగా పేరు పెట్టి మరీ ఇచ్చారు. కానీ ఎక్కడ? సెటప్ మెనూలో నాలుగు మెట్లు దిగాక. అదీ ఇంగ్లీషులో. పోనీ దిగి వెళ్ళారనుకోండి, డాల్బీ వారి ఆ నైట్ మోడ్ డాల్బీ సిగ్నల్ అందితేనే పనిచేస్తుంది. టీవీ సెట్టింగ్‌లో ఆడియో అవుట్‌పుట్ పీసీఎం అని ఉంటే అది పనే చేయదు. ఒక మెషిన్లోని బటన్ పనిచేయాలంటే ఇంకో మెషిన్లో ఇంకో మెనూలో ఇంకో మాట మార్చాలి! మన కోడ్ రివ్యూలో ఇలాంటిది కనపడితే ఏమంటాం?

మరి రిమోట్ మీద పైకి కనపడేలా ఏం పెట్టారు? రాక్ కాన్సర్ట్, స్టేడియం, జాజ్ క్లబ్, వియన్నా హాలు. బూర్గంపాడులో కూర్చున్న మా పెద్దమ్మకి వియన్నా హాలు ఒక్క నొక్కుకి అందుతుంది, "మాట వినపడాలి" అనేది అందదు. ఈ వరస ఎవరు నిర్ణయించారు? మనలాంటి ఇంజనీర్లే. చిప్‌లో ఏం చేయగలమో అన్నీ బయట పరిచాం, మనిషికి ఏం కావాలో లోపల దాచాం.

మా ఊరి వాళ్ళకి శబ్దం గురించి తెలియదనుకునే వాళ్ళకి ఒక్క సంగతి గుర్తుచేస్తాను. భద్రాచలంలో సీతారామ కల్యాణం జరుగుతుంటే ఆకాశవాణిలో ఉషశ్రీ గారి ప్రత్యక్ష వ్యాఖ్యానం వచ్చేది. ఆయన 1990లో పోయారు, పెద్దవాళ్ళు ఇప్పటికీ ఆ గొంతు తలుచుకుంటారు. అది ఒక్క చానెల్. రేడియోలో అరచేయంత స్పీకరు. వీధి అరుగు మీద పదిమంది కూర్చుని వింటే పదిమందికీ ప్రతి మాటా స్పష్టంగా అందేది. ఇప్పుడు అదే కల్యాణం మిథిలా స్టేడియం నుంచి టీవీలో లైవ్ వస్తుంది, ఇంట్లో ఏడు స్పీకర్లు. ఎవరో పొరపాటున ఆల్ చానెల్ స్టీరియో నొక్కి వదిలేశారు. ఆ మోడ్‌లో అన్ని స్పీకర్లలోంచీ ఒకే శబ్దం వస్తుంది. శబ్దం సుమారుగా మిల్లీసెకనుకి ఒక అడుగు నడుస్తుంది కదా, దగ్గర స్పీకర్ మాట ముందు, దూరం స్పీకర్ మాట వెనక, రెండూ కలిసి ముద్ద. పురోహితుల మంత్రం వీపు వెనక నుంచి వస్తోంది, వ్యాఖ్యానం ఎక్కడిదో తెలియదు. "ఆ రేడియోనే నయం" అని నాన్న అంటే అది ఛాదస్తం కాదు, టెస్ట్ రిపోర్టు.

ఇన్‌స్టాల్ చేసినవాడి పని గురించి కూడా చెప్పాలి. ఈ డబ్బాలన్నిటితో ఓ చిన్న మైకు ఇస్తారు. మనిషి కూర్చునే చోట, చెవి ఎత్తులో దాన్ని నిలబెట్టి, ఫ్యాను ఆపి, నిశ్శబ్దంగా ఉంటే ప్రాసెసర్ ఒక్కో స్పీకర్లోంచి శబ్దం పంపి దూరం, స్థాయి, గది ప్రతిధ్వని కొలుచుకుంటుంది. మహా అయితే అరగంట పని. నేను చూసిన ఇళ్ళలో ఆ మైకు ఇంకా కవర్లోనే ఉంది! వెనక స్పీకర్లు షోకేసు పైన, ముందే. సెంటర్ స్పీకర్ షోకేసు లోపల, అద్దం తలుపు వెనకాల. ఒకచోటైతే సెంటర్‌కి వైరే లేదు, మెనూలో మాత్రం సెంటర్ ఉన్నట్టు పెట్టారు. ప్రాసెసర్ ఏం చేస్తుంది పాపం, మాటలన్నీ లేని స్పీకర్‌కి పంపింది. ఆ ఇంటి పెద్దాయన ఆరు నెలలు తన చెవులే పోయాయనుకున్నాడు. ఖమ్మం వెళ్ళి చెవుల డాక్టరుకి చూపించుకున్నాడు కూడా. దీనికి నవ్వాలో ఏడవాలో చెప్పండి. పోనీ గది చూస్తే కొత్తగా కట్టిన స్లాబు ఇల్లు, నేలంతా టైల్సు, గోడలు బోడిగా. మాట గోడకి తగిలి తిరిగి తిరిగి వస్తుంది. పాత పెంకుటింట్లో ఈ బాధ ఇంత ఉండదు. సబ్‌వూఫర్ మూలకి నెట్టేస్తే గుమ్మని ఒకటే రొద. ఓ దుప్పటిలాంటి పరదా, కింద ఓ జంపఖానా వేస్తే సగం నయమవుతుంది. దానికి లక్షలు అక్కర్లేదు.

"వెళ్ళినప్పుడు కూర్చోబెట్టి నేర్పిస్తే సరిపోతుందిగా" అంటారు కొందరు. నేర్పండి. కానీ ఏడాదికి రెండుసార్లు, పండక్కి వచ్చి, బస్సు ఎక్కే ముందు పది నిమిషాలు గబగబా చెప్పేదాన్ని నేర్పడం అనకండి. "సీఈసీ ఉంది, అన్నీ వాటంతట అవే ఆన్ అవుతాయి" అంటారు ఇంకొందరు. కుదిరితే అవుతాయి. నాలుగు కంపెనీల వస్తువులు కలిస్తే ఎప్పుడు కుదురుతుందో వాటికే తెలియాలి. మూడోది, "ఓ సౌండ్‌బార్ కొనిస్తే పోయేది కదా." దీంతో మాత్రం నాకు పేచీ లేదు. మాటలకి విడిగా సెంటర్ చానెల్ ఉన్న 3.1 సౌండ్‌బార్ చాలా ఇళ్ళకి ఏడు స్పీకర్ల కంటే మేలు. కానీ అది ఫొటోలో బాగుండదు, వాట్సాప్ గ్రూపులో పెట్టుకోవడానికి లేదు. నిజం చెప్పండి, ఆ ఏడు స్పీకర్లు ఎవరి కోసం కొన్నారు? మీరు ఏడాదిలో నాలుగు రోజులు వెళ్ళి బాహుబలి యుద్ధం చూడటానికి. మిగతా మూడొందల అరవై రోజులు అది అమ్మానాన్నల హాల్లో అడ్డం.

కొనేసిన వాళ్ళు ఈసారి వెళ్ళినప్పుడు ఒక పూట కేటాయించండి. మైకు బయటికి తీసి కొలత చేయించండి. సెంటర్ స్పీకర్‌ని అద్దం వెనక నుంచి బయటికి లాగండి, మూతి చెవుల వైపు తిప్పండి, రెండు మూడు డెసిబెల్స్ పెంచండి. స్పీకర్లన్నీ స్మాల్ అని పెట్టి క్రాసోవర్ 80 హెర్ట్జ్ దగ్గర ఉంచండి. వాల్యూమ్‌కి పై హద్దు, ఆన్ చేసినప్పుడు ఎంతలో మొదలవ్వాలో ఆ స్థాయి, రెండూ మెనూలో ఉంటాయి, పెట్టేయండి. నైట్ మోడ్ ఆన్ చేసి వదిలేయండి, పగలైనా సరే. టీవీ ఆడియోని పీసీఎం నుంచి ఆటో కో, బిట్‌స్ట్రీమ్ కో మార్చండి. నాలుగు స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ల మధ్య పెరిగిన ఊరు కాబట్టి, స్పీకర్లోంచి జుయ్ మంటే కంగారు పడొద్దని, కరెంటు పోయి వస్తే రిసీవర్ పవర్ ఒక్కసారి నొక్కాలని చెప్పండి. ముందు ప్యానెల్ మీద ఇన్‌పుట్టూ మోడూ కలిపి దాచుకునే బటన్లుంటాయి, డెనాన్ వాళ్ళు క్విక్ సెలెక్ట్ అంటారు, యమహా వాళ్ళు సీన్ అంటారు. వాటిలో రెంటిని సెట్ చేయండి.

తర్వాత రిమోట్ మీద తెల్ల టేపు ముక్కలు రెండు అంటించి, తెలుగులో, పెద్ద అక్షరాలతో "టీవీ" అని ఒకటి, "సినిమా" అని ఒకటి రాయండి. మిగతా బటన్లన్నిటి మీదా కూడా టేపు వేయండి, ఏమీ రాయకుండా.