రంగుల పళ్లెం ఎవరి చాకిరీ?

ఏ పత్రికలోనైనా మహిళల పేజీ తెరవండి, టీవీలో వంటల కార్యక్రమం పెట్టండి. పిల్లవాడు తినడం లేదా? క్యారెట్ ముక్కలతో సూర్యుణ్ణి చేయండి, కీరా చక్రాలతో రైలుబండి కట్టండి, చపాతీకి పిల్లి చెవులు పెట్టండి అంటూ అమ్మలకు ఒకటే సలహాలు. సలహా చెడ్డదని నేననను. కాకి ముద్ద, పిచ్చుక ముద్ద అని కథ చెప్పి గోరుముద్దలు తినిపించడం మన అమ్మమ్మల నాటి నుంచీ ఉన్నదే. ఆటలో పడితే పిల్లలు వద్దన్న కూర కూడా నోట్లో పెట్టుకుంటారు. రంగు రంగుల కూరలు, పండ్లు ఒంటికీ మంచివే. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనల్లో కూడా పళ్లెంలో సగం కూరగాయలు, ఆకుకూరలు, పండ్లే ఉండాలంది.

నా అభ్యంతరం వేరు. ఈ సలహాలన్నీ అమ్మకే ఎందుకు? నాన్న చేతికి కత్తిపీట ఇమ్మని ఒక్క పేజీ అయినా చెప్పిందా?

మా బాన్సువాడ చుట్టూ నిజాంసాగర్ కాలువల కింద వరి పండుతుంది. నాట్ల రోజుల్లో తల్లి తెల్లవారకముందే సద్ది కట్టుకుని పోతుంది. మా జిల్లాలో బీడీలు చుట్టే తల్లుల ఒళ్లో పొద్దంతా చాట ఉంటుంది. కూలి వెయ్యి బీడీల లెక్క. ఆమె రైలుబండి కట్టేందుకు లేచిన ప్రతిసారీ ఆ లెక్క తగ్గుతుంది. కాబట్టి పిల్లవాడి చేతికి ఐదు రూపాయలు ఇస్తుంది, వాడు కిరాణా కొట్టుకు పోయి రంగుల ప్యాకెట్టు తెచ్చుకుంటాడు. వాడికి కావలసిన రంగు అక్కడ రెడీగా దొరుకుతోంది మరి! ఆ రంగుల సంగతి కూడా చూశాం. బట్టలకు వాడే రోడమైన్-బి అనే రంగు కలుపుతున్నారని తేలి 2024లో తమిళనాడు పీచు మిఠాయిని నిషేధించింది. ప్యాకెట్టు కొనిచ్చిందని తల్లిని నిందించేవాళ్లు ఆమె పొద్దును ఒక్కసారి లెక్కగట్టాలి.

ఆ లెక్క ప్రభుత్వమే కట్టింది. 2024 కాలవినియోగ సర్వే ప్రకారం మన దేశంలో జీతం లేని ఇంటిపని చేసే ఆడవాళ్లు రోజుకు 289 నిమిషాలు దానికే పెడుతున్నారు. ఇంటిపని ముట్టుకునే కొద్దిమంది మగవాళ్లు పెట్టేది 88 నిమిషాలు. పిల్లి చెవుల చపాతీ ఆ 289 మీదే ఎక్కుతుంది. పైగా చిన్నపిల్లలకు పల్లీలు గింజలుగా, ద్రాక్ష గుండుగా ఇస్తే గొంతుకు అడ్డం పడతాయి. దంచాలి, నిలువునా చీరాలి. పక్కన కూర్చుని తినిపించాలి. ఇదంతా పని కాదా?

పిల్లల పళ్లెం ఇంటి గుట్టు కాదు, హక్కు. 2013 ఆహార భద్రతా చట్టం మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు అంగన్‌వాడీలో పొద్దున చిరుతిండి, ఆపైన వేడి అన్నం ఇవ్వాలంది. మరి కేంద్రం దానికి కట్టిన ఖర్చెంత? 2017లో నిర్ణయించిన ప్రకారం పిల్లకు రోజుకు 8 రూపాయలు! ఒక్క గుడ్డు కొంటే అందులో మిగిలేది చిల్లరే. రాష్ట్రం గుడ్డు ఇస్తోంది, సంతోషం. కానీ మక్క గుడాలు, బబ్బెర్ల గుడాలు, పెసల మొలకలు, బొప్పాయి ముక్క, జామ, బీట్‌రూట్ తురుము మన దగ్గర దొరకనివా? వాటితో ఎంత అందమైన పళ్లెమైనా పెట్టవచ్చు. కొనడానికి డబ్బు, కోయడానికి చేతులు కావాలి.

ఆ చేతులు ఆయావి. వంట, గిన్నెలు, ఊడవడం, పిల్లల్ని ఇళ్ల నుంచి తీసుకురావడం అన్నీ ఆమే. 2018 అక్టోబరు నుంచి ఆమెకు కేంద్రం లెక్క నెలకు 2,250 రూపాయలు, టీచరుకు 4,500. పైన రాష్ట్రం కలుపుతుంది. దాన్ని జీతం అనరు, గౌరవ వేతనం అంటారు. గౌరవం మాటలోనే ఉంది! వీళ్లకు గ్రాట్యుటీ హక్కు ఉందని 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది.

2018 నుంచి ఏటా సెప్టెంబరులో పోషణ మాసం జరుపుతున్నారు. కూరగాయలు రంగుల వారీగా పేర్చి ముగ్గులు వేస్తారు, ఫోటోలు తీస్తారు. చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది. అక్టోబరు ఒకటో తారీఖున అదే పిల్లల పళ్లెంలో ఏముందో ఫోటో అడిగేవాళ్లు లేరు. మనం అడగాలి. ఆ 8 రూపాయలు నేటి ధరలకు తగ్గట్టు పెంచమని, పిల్లలు ఎక్కువున్న చోట రెండో ఆయాను వేయమని మండలంలో, జిల్లాలో అర్జీలు పెట్టాలి. అంగన్‌వాడీలో తల్లుల సమావేశం అని పిలిచే దాన్ని తల్లిదండ్రుల సమావేశం చేయమందాం. వారానికి ఒక పొద్దు క్యారెట్లు కోసే వంతు తండ్రులదని అక్కడే, అందరి ముందే రాయిద్దాం.