ఆ 20 వేలు ఎక్కడ?

ఎండాకాలం వస్తే అందరికీ మామిడిపళ్లు గుర్తొస్తాయి. మా అకౌంటెంట్లకి మాత్రం ఆడిటర్‌గారు గుర్తొస్తారు.

విజయవాడ ఆటోనగర్‌లో ఓ చిన్న ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ. 2024 మే నెల. వచ్చేవారమే ఆడిట్. క్యాష్‌బుక్‌లో మార్చి 31 నాటి నిల్వ 31,400. ఆ రోజు సాయంత్రం పెట్టె తెరిచి లెక్కపెట్టి రాసుకున్న కాగితంలో 11,400. ఎన్నిసార్లు కూడినా అంతే. 20 వేలు తేడా!

"బ్యాంకుకి వెళ్లొచ్చేది అటెండరే కదా? జీతంలో కోసేద్దాం. లేదంటే రిపేరు బిల్లొకటి మార్చి తేదీతో వేసి సర్దెయ్" అన్నారు ఓనర్‌గారు.

మేమంతా బాబాయ్ అని పిలిచే ఆ పెద్దాయన మీద నింద వేయడానికి మనసొప్పలేదు. రెండోదే నయమనిపించింది. నిజం చెప్తున్నా, కీబోర్డు మీద చెయ్యి కూడా వేశా.

అప్పుడు గుర్తొచ్చింది. 2023 ఏప్రిల్ 1 నుంచి కంపెనీల అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఎడిట్ లాగ్ తప్పనిసరి. దాన్ని ఆపడానికి లేదు. తేదీ మార్చిది వేసినా, కొట్టింది మేలో అని అది చెప్పేస్తుంది. పైగా ఒకే రోజు ఒకరికి 10 వేలు దాటి నగదు ఇస్తే, మామూలుగా ఆదాయపన్నులో ఆ ఖర్చుని ఒప్పుకోరు.

అన్నిటికంటే, మన హైదరాబాద్ సత్యం కథ తెలియనిదెవరికి? 2009 జనవరి 7న బయటికొచ్చిన లేఖలో, లేకపోయినా ఉన్నట్టు చూపిన నగదు, బ్యాంకు నిల్వలు 5,040 కోట్లు. చిన్న తేడాగా మొదలై అంత దూరం వెళ్లిందని ఆ లేఖే చెప్పింది.

చెయ్యి తీసేశా. మూడు నెలలుగా వాయిదా వేస్తున్న పని ముందేసుకున్నా. బ్యాంకు స్టేట్‌మెంట్‌ని మా పుస్తకంతో లైను లైనూ టిక్ పెట్టుకుంటూ చూడటం. మూడో పేజీలో దొరికింది. మార్చిలో సెల్ఫ్ చెక్కుతో బ్యాంకు నుంచి తీసిన 20 వేలని రెండుసార్లు ఎక్కించారు. అందుకే పుస్తకంలో నగదు 20 వేలు ఎక్కువ, బ్యాంకు నిల్వ 20 వేలు తక్కువ.

ఎక్కించిందెవరో లాగ్‌లో చూశా. నా పేరే ఉంది!

ఓనర్‌గారికి చెప్పేశా. కారణం రాసి ఆ ఎంట్రీ సరిచేశా. ఆడిటర్‌గారు లాగ్ చూసి, స్టేట్‌మెంట్ అడిగి, టిక్ పెట్టి పేజీ తిప్పేశారు. అంతే.

కొత్తగా అకౌంట్స్‌లో చేరినవాళ్లకి నేను చెప్పేదొక్కటే. బ్యాంకు లెక్క ప్రతి నెలా సరిచూసుకోండి. జీఎస్టీ 2బీ, టీడీఎస్ వివరాలు కూడా అంతే, ఆడిట్ దాకా ఆగొద్దు. తేడా వస్తే సర్దకండి, వెతకండి.

ఆ రోజు బాబాయ్ ఎప్పట్లాగే టీ తెచ్చిచ్చారు. ఆయనకి ఇప్పటికీ ఏమీ తెలీదు. ఆ టీ మాత్రం నాకు సరిగ్గా గొంతు దిగలేదు.