ఏలియన్ దేవుడి కథ ఎవరు రాస్తున్నారు?

మనలో చాలామందిమి హాస్టల్లో ఫోన్ చుట్టూ మూగి ఇంగ్లిష్ సిరీస్‌లు చూసినోళ్లమే. అంతరిక్ష నౌకలు, వేరే గ్రహాలు, వింత మొహాల ఏలియన్లు. నాకూ ఇష్టమే, ఇప్పటికీ చూస్తా. కానీ ఒక సీన్ మళ్లీ మళ్లీ వస్తది, గమనించారా? నౌక ఒక గ్రహం మీద దిగుతది. అక్కడ కొంతమంది ఉంటరు. ఒంటికి రంగులు, మెడలో పూసలు. ఒక రాయికో గుహకో మొక్కుతుంటరు. నౌకలో వచ్చినోళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకొని చిన్నగా నవ్వుకుంటరు.

ఆ నవ్వు మనకు తెలుసు. మేడారంలో, కేస్లాపూర్‌లో కెమెరా పట్టుకొని వచ్చినోళ్ల మొహాల్లో చూసినం.

అందుకే ఈ సంగతి రాస్తున్న. ఏలియన్లు లేరు కాబట్టి వాళ్ల మతాన్ని ఎట్ల చూపించినా అడిగేటోళ్లు ఉండరు. కానీ ఆ మతాన్ని ఊహించుకునేటప్పుడు రాసేటోళ్లు నమూనా ఎక్కడి నుంచి తీసుకుంటరు? మనలాంటోళ్ల నుంచే.

అమెరికాలో 1966లో మొదలైన 'స్టార్ ట్రెక్'నే తీసుకుందాం. ఇతర జాతుల జీవితంలో జోక్యం చేసుకోవద్దనేది ఆ కథలో పెద్ద నియమం. వినడానికి మన పీసా చట్టం లెక్క ఎంత బాగుంటది! కానీ 1967లో వచ్చిన 'ది యాపిల్' అనే ఎపిసోడ్ చూడండి. ఒక గ్రహం మీది జనం వాల్ అనే దేవుడికి రోజూ ఆహారం పెడుతుంటరు. పాము తల ఆకారంలో ఉన్న రాతి నోరు అది. లోపలుండేది యంత్రం. చివరికి కెప్టెన్ కిర్క్ తన నౌక ఆయుధాలతో దాన్ని నాశనం చేసి, ఇక మీరు స్వేచ్ఛగా బతకండని చెప్తడు. ఆ జనాన్ని కూర్చోబెట్టి అడిగిన సభ ఒక్కటి లేదు. దేవుడు పోయిన తర్వాత వాళ్లు ఎట్ల బతికిన్రో చూపించరు. నౌక వెళ్లిపోతది, కథ అయిపోతది.

ఇంకో అలవాటు, ఒక గ్రహానికి ఒకే మతం, ఒకే బట్ట, ఒకే గుణం. ఆ జాతంతా యోధులే, ఈ జాతంతా వ్యాపారులే. మన గోండుల్లోనే నాలుగు దేవుళ్లోళ్లు, ఐదు దేవుళ్లోళ్లు, ఆరు, ఏడు అని సగాలున్నయి. పెళ్లి సంబంధం కలపాలంటే ముందు అది చూస్తరు. నాగోబా జాతరలో మెస్రం వంశపోళ్లు కొత్త కోడళ్లను దేవుడి ముందు పరిచయం చేస్తరు. మొక్కు, చుట్టరికం, న్యాయం అన్నీ ఒకదాంట్లో ఒకటి అల్లుకొని ఉంటయి. బయటోడికి అందులో ఒక రాయి, ఒక డోలు మాత్రమే కనపడుతయి.

సరే, ఆదివాసీనే పాత్రగా పెడితే మారుతదా? 1995లో మొదలైన 'వాయేజర్' సిరీస్‌లో చకోటే అని నౌకలో రెండో స్థానంలో ఉండే అధికారి, అమెరికా మూలవాసి. అది మంచి సంగతే. మరి ఆయన సంస్కృతి గురించి సలహా ఇవ్వడానికి ఎవరిని పెట్టుకున్నరు? జమేక్ హైవాటర్ అనే రచయితను. తనకు మూలవాసి పుట్టుక ఉందని ఆయన చెప్పుకున్నది అబద్ధమని 1984లోనే మూలవాసి ఉద్యమకారుడు హ్యాంక్ ఆడమ్స్, జర్నలిస్టు జాక్ ఆండర్సన్ బయటపెట్టిన్రు. అయినా పదేళ్ల తర్వాత టీవీవాళ్లు ఆయన్నే పిలిచిన్రు. నకిలీ ఎస్టీ సర్టిఫికెట్ల మీద కొట్లాడుతున్న మనకు దీన్ని వేరే వివరించక్కర్లేదు.

ఫలితం తెరమీద కనిపిస్తది. చకోటే మొక్కులో అన్ని తెగల నుంచి తలా ఒక ముక్క ఉంటది. దర్శనం రావాలంటే చెయ్యి పెట్టే ఒక పరికరం ఉంటది. అదే ఏడాది వచ్చిన 'టాటూ' ఎపిసోడ్ అయితే ఇంకో మెట్టు ఎక్కింది. చకోటే పూర్వీకులకు భూమి మీద ఉన్న ప్రేమ వేల ఏళ్ల కింద ఆకాశం నుంచి దిగిన తెల్లని ఏలియన్లు ఇచ్చిన వరమట! అంటే అడవిని కాపాడుకునే తెలివి కూడా మన సొంతం కాదు, ఎవరో దిగివచ్చి పెట్టిన భిక్ష. భూమి తీసుకునుడు అయిపోయింది, భూమి మీది ప్రేమను కూడా తీసుకున్నరు.

అట్లని అన్నీ పారేసే సరుకు కాదు. 'డీప్ స్పేస్ నైన్' సిరీస్ 1993లో మొదలైంది. అందులో బజోర్ అనే గ్రహం దశాబ్దాల పాటు పరాయి సైన్యం కింద నలిగింది. ఆ జనం మొక్కే శక్తుల్ని బయటి అధికారులు ఏలియన్లంటరు, బజోర్‌వాళ్లు ప్రవక్తలంటరు. ఏ పేరు నిజమో సీరియల్ తేల్చిచెప్పదు. ఆ మతంలో అధికారం కోసం దేవుణ్ణి వాడుకునేటోళ్లు ఉన్నరు, నిజంగా నమ్మేటోళ్లు ఉన్నరు, లోపల గొడవలున్నయి. అంటే వాళ్లను మనుషుల్లెక్క రాసిన్రు.

అందులో 'ప్రోగ్రెస్' అనే ఎపిసోడ్ మీరు తప్పకుండా చూడాలి. పేరుకే 'ప్రగతి'. బజోర్ చందమామ మీద ఒక ముసలి రైతు, ములిబాక్, సొంత చేతుల్తో కట్టుకున్న ఇంట్లో ఉంటడు. ఆ చందమామ లోపలి శక్తిని తోడితే లక్షల ఇళ్లకు వెచ్చదనం దొరుకుతది. కానీ అక్కడ ఇక ఎవరూ బతకలేరు. అందరూ ఖాళీ చేసిన్రు, ఈయన కదలడు. ఖాళీ చేయించడానికి వచ్చింది ఎవరు? కీరా. పరాయి సైన్యం మీద తుపాకీ పట్టి కొట్లాడిన బిడ్డ, ఇప్పుడు ఆఫీసర్. ఆమెకు ముసలాయన మీద ప్రేమే. ఆయన కోసం బట్టీ కట్టడంలో సాయం కూడా చేస్తది. చివరికి ఆ బట్టీని తనే పగలగొట్టి, ఇల్లు తనే కాలబెట్టి ఆయన్ని తీసుకపోతది.

ఇది చూసి ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పోలవరం ముంపు మండలాల్లోని మన కోయ, కొండరెడ్డి పెద్దలు గుర్తొచ్చిన్రు. ఇంటికి, భూమికి పరిహారం లెక్క కడతరు. ఊరి దేవత ఉన్న చెట్టుకు ఏ లెక్క కడతరు? అంతకంటే ఎక్కువ భయపెట్టింది కీరా. గ్రూప్స్ రాసి రేపు మనలోనే ఒకరు ఎమ్మార్వో అయితరు. నోటీసు పట్టుకొని అదే గుమ్మం ముందు నిలబడేది మన బిడ్డే అయితే? ఏ వైపు నిలబడాలో ఉద్యోగం వచ్చిన రోజు కాదు, ఇప్పుడే ఆలోచించుకోవాలె.

నిజ జీవితంలో వేరే ముగింపు కూడా ఉంది. ఒడిశాలో నియంగిరి కొండను డోంగ్రియా కోంధులు నియమ్‌రాజాగా కొలుస్తరు. బాక్సైట్ కోసం తవ్వాలన్నరు. 2013 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు, వాళ్ల మత హక్కుల సంగతి గ్రామసభలే తేల్చాలని చెప్పింది. పన్నెండు గ్రామసభలు జరిగినయి. పన్నెండూ వద్దన్నయి. నౌకలోంచి ఎవరూ దిగి కాపాడలేదు. జనమే తమ దేవుడు ఎవరో, ఎక్కడుంటడో సభలో నిలబడి తమ మాటల్లో చెప్పిన్రు. అది రికార్డుకెక్కింది.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మేడారాన్ని 'గిరిజన కుంభమేళా' అని టీవీ అంటే మనమూ అదే మాట స్టేటస్‌లో పెట్టుకుంటున్నం. మన జాతరను ఇంకొకరి పండుగతో కొలవనీయొద్దు. ఈ ఎండాకాలం ఇంటికి పోయినప్పుడు ఒక పని చేయండి. మీ ఊరి వేల్పు కథ, మీ గట్టు పేరు, ఆ మొక్కులో ఎవరి వంతు ఏంటో పెద్దలను, పూజారులను అడగండి. వాళ్లు ఒప్పుకున్నంతవరకే రికార్డు చేయండి, మీ భాషలోనే. చెప్పకూడనిది ఉంటే వదిలేయండి, అది కూడా మన హక్కే. కథలు రాసే చెయ్యి ఉంటే ఏలియన్ల కథ కూడా రాయండి. ఈసారి నౌక దిగేటప్పుడు గ్రహం మీద నిలబడి చూసేది మనమై ఉండాలె.

జై ఆదివాసీ!