ఆ నల్ల తెర ఎవరి సొత్తు?

కంప్యూటరు ఇంట్లోకొచ్చి ఇన్నేళ్లయినా, దానికి కాస్త సుస్తీ చేస్తే చాలు, అది ఆడవాళ్ల చేతుల్లోంచి మెల్లిగా జారిపోతుంది. "నువ్వు ముట్టుకోకు, వాడొచ్చి చూస్తాడు" అంటారు అత్తగారు. "నీకు తెలీదమ్మా, లే" అంటాడు పదో తరగతి చదివే సుపుత్రుడు. కరెంటు బిల్లు కట్టేదీ, పిల్లల హాల్ టికెట్లు డౌన్‌లోడ్ చేసేదీ, పెళ్లిళ్ల ఫోటోలు జాగ్రత్త చేసేదీ మనమే. అది మొరాయించినప్పుడు మాత్రం మనం కాఫీ కలిపి పక్కన నిలబడాలి!

నేననేది ఒకటే. ప్రతి ఇల్లాలూ ఓ పది కమాండ్లు నేర్చుకుని తీరాలి. మౌసుతో బొమ్మల మీద నొక్కడం కాదు, నల్ల తెర మీద అక్షరాలు కొట్టి కంప్యూటరుకి పని చెప్పడం.

"ఈ వయసులో ఇంజినీర్ల విద్యలు మనకెందుకండీ?" అంటారు మా వీధిలోవాళ్లు. అమెరికాలో 1946లో లోకానికి చూపించిన ఎనియాక్ అనే మహా యంత్రానికి ప్రోగ్రాములు అమర్చింది ఆరుగురు ఆడవాళ్లు. సరే, అంత దూరం ఎందుకు, మా పిన్ని సంగతి చెప్తాను.

తొంభైల్లో డిగ్రీ అయి, సంబంధాలు చూస్తున్న రోజుల్లో, ఖాళీగా కూర్చోవడం ఎందుకని తాతయ్య ఆవిణ్ని కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్‌లో చేర్పించారు. ఆరు నెలల కోర్సు. డాస్, వర్డ్‌స్టార్, లోటస్. చెప్పులు బయట విడిచి ఏసీ గదిలోకి వెళ్లేవాళ్లట. ఆ సర్టిఫికెట్టు పెళ్లిచూపుల్లో ఓసారి చేతులు మారింది. ఆ తర్వాత బీరువాలో పట్టుచీరల కిందికి చేరింది. ఇప్పటికీ అక్కడే ఉంది. అలాంటి సర్టిఫికెట్లు ఎందరి బీరువాల్లో ఎన్నున్నాయో!

కిందటేడు నా లాప్‌టాప్‌లో ఆ నల్ల తెర తెరిచి పిన్ని ముందు పెట్టాను. కళ్లజోడు సర్దుకుని, డి, ఐ, ఆర్ అని మూడక్షరాలు కొట్టి ఎంటర్ నొక్కింది. ఫైళ్ల పేర్లన్నీ వరసగా దిగాయి. "ఇది ఇంకా ఉందిటే!" అంది. ఉంది మరి. 1981లో వచ్చిన మొదటి డాస్‌లోని డిర్, కాపీ ఇప్పటి విండోస్‌లోనూ పనిచేస్తున్నాయి. చోటు మార్చేవి బొమ్మలూ మెనూలే. 2012లో వచ్చిన విండోస్ 8లో అయితే స్టార్ట్ బటనే మాయమైంది, జనం గోల పెడితే మర్నాటి ఏడు తిరిగొచ్చింది. అలా మారినప్పుడల్లా పిల్లల్ని బతిమాలుకుని మళ్లీ ఓనమాలు దిద్దాల్సింది మనం. కమాండు అలా కాదు, ఒకసారి నేర్చుకుంటే ముప్పై ఏళ్లకీ పలుకుతుంది.

తెరవడం కష్టమేం కాదు. విండోస్ బొమ్మ ఉన్న మీటా, ఆర్ మీటా కలిపి నొక్కితే చిన్న పెట్టె వస్తుంది. అందులో సి, ఎం, డి అని కొట్టి ఎంటర్ నొక్కాలి, అంతే. ఫోల్డరంటే ఒక గది అనుకోండి. మీరు ఏ గదిలో ఉన్నారో ఆ వరస మొదట్లోనే రాసి ఉంటుంది. సి, డి కొట్టి, ఖాళీ వదిలి, గది పేరు కొడితే అందులోకి వెళ్తారు. పేరు బదులు రెండు చుక్కలు పెడితే ఒక గది వెనక్కి వస్తారు.

మన తెలుగు నాలుకకి చిక్కల్లా కాపీ దగ్గర. "ఈ కందిపప్పు ఆ డబ్బాలో పొయ్యి" అంటాం మనం. కంప్యూటరుకి "పొయ్యి, కందిపప్పు, డబ్బా" అని చెప్పాలి. పని ముందు, వస్తువు తర్వాత, చోటు చివర. ఈ వరస పట్టుబడిందంటే సగం విద్య వచ్చినట్టే. నక్షత్రం గుర్తుకి 'ఏ పేరైనా సరే' అని అర్థం. నక్షత్రం, చుక్క, జెపిజి అని వస్తువు చోట కొడితే, ఆ గదిలో ఉన్న జెపిజి ఫోటోలన్నీ ఒక్క దెబ్బతో పెన్ డ్రైవ్‌లోకి వెళ్తాయి.

నేను కథలు రాసుకుంటాను. నెలకోసారి రోబోకాపీ అనే కమాండుతో వాటికి నకలు తీస్తాను. పాతవి వదిలేసి, కొత్తవీ మార్చినవీ మాత్రమే అది తీసుకెళ్తుంది. పద్దెనిమిదేళ్ల రాతలు మరి, ఇంకొకరి తీరిక కోసం కూర్చోబెట్టలేను. ఒక్కటే బాధ. ఫైలుకి తెలుగులో పేరు పెడితే ఆ తెర మీద తరచూ అక్షరాల బదులు డబ్బాలు కనిపిస్తాయి. ఇంతమంది మనవాళ్లు ఆ ఉద్యోగాల్లో ఉన్నారు, ఎవరికీ పట్టలేదు కాబోలు!

"ఇప్పుడు కృత్రిమ మేధని అడిగితే కమాండు అదే రాసిస్తుందిగా" అన్నాడు మా అబ్బాయి. రాసిస్తుంది. చదవడం రానివాళ్లకి అది స్టాంపు కాగితం మీద వేలిముద్ర లాంటిదే. డెల్ అనే కమాండుంది. దాంతో తుడిచిన ఫైలు రీసైకిల్ బిన్‌లోకి వెళ్లదు, నేరుగా పోతుంది. అందుకని డెల్ ముందు అవే పేర్లతో డిర్ కొట్టి, పోయేవేమిటో కళ్లారా చూసుకోవాలి.

తెలియకపోతే ఫైళ్లే కాదు, డబ్బూ పోతుంది. "మీ కంప్యూటరులో వైరస్ ఉంది" అని పేరున్న కంపెనీవాళ్లలా ఫోను చేసే మోసగాళ్లున్నారు. నల్ల తెర తెరిపించి, ట్రీ అని కొట్టిస్తారు. గీతలూ పేర్లూ జలజలా దిగుతాయి. "చూశారా, ఇవన్నీ వైరస్‌లే" అని బెదరగొడతారు. ట్రీ చేసేదల్లా మన ఫోల్డర్ల పేర్లు చెట్టు కొమ్మల్లా పరిచి చూపించడమే! ఆపైన కంప్యూటరుని వాళ్ల చేతికిచ్చే ప్రోగ్రామొకటి పెట్టించి, డబ్బు లాగుతారు. అమెరికా, బ్రిటన్‌లలో పెద్దవాళ్లు ఇలాంటి మోసాలకు బోలెడంత పోగొట్టుకున్నారు. అలా ఫోన్లు చేసే కాల్ సెంటర్లు మన దేశంలోనూ ఎన్నో పట్టుబడ్డాయి. పిల్లల దగ్గరికి వెళ్లి, పగలంతా ఒంటరిగా ఉండే మన అమ్మానాన్నలకి ఈ సంగతి చెప్పి పంపండి. ట్రీ ఏమిటో తెలిసిన ఆవిడైతే నవ్వి ఫోను పెట్టేస్తుంది. ఇక్కడ డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోను చెయ్యాలి.

పిల్లల్ని కంప్యూటరు ముందు నుంచి లేపడానికీ ఒక కమాండుంది. షట్‌డౌన్‌కి 3600 సెకన్లు గడువు పెడితే గంటకి దానంతటదే ఆగిపోతుంది. మావాడు రెండో రోజే రద్దు చేసే అక్షరం కనిపెట్టాడు. పోనీలెండి, అదైనా నేర్చుకున్నాడు.

విండోస్ 10కి మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. దాంతో పాత లాప్‌టాప్‌లు అటకెక్కుతున్నాయి. ఎక్కించే ముందు "నాకివ్వండి" అని అడగండి. బ్యాంకు పనులకి దాన్ని వాడకండి గానీ, సాధనకి బంగారంలా పనికొస్తుంది. కావాలంటే పైసా ఖర్చు లేకుండా లినక్స్ వేయించుకోవచ్చు. అక్కడ డిర్ బదులు ఎల్, ఎస్. కాపీ బదులు సి, పి. ఏదైనా సరే, ముందు ఎం, కె, డి, ఐ, ఆర్ అని కొట్టి, ప్రయోగం అనే పేరుతో ఇంగ్లీషు అక్షరాల్లో ఒక కొత్త గది కట్టుకోండి. నాలుగు పనికిరాని ఫైళ్లకి అందులోకి నకళ్లు తీసుకోండి. డెల్ కూడా మొదట ఆ గదిలోనే కొట్టి చూడండి.