చక్రముల మీది చల్లదనము

వేసవి వచ్చెనన్న పత్రికలవారికి ముందుగా జ్ఞప్తికివచ్చు గ్రామము రెంటచింతల. కాని గుంటూరు బ్రాడీపేటలో మేడపైగది యద్దెకు దీసికొన్న గుమాస్తాకు వైశాఖపు రాత్రి అంతకంటె మేలుగా నుండదు. పగలెల్ల కాగిన శ్లాబు అర్ధరాత్రి వఱకు వేడి గ్రక్కుచునే యుండును. గోడకు రంధ్రము వేయుటకు యజమాని యొప్పుకొనడు. అట్టివారి కొఱకే చక్రములపై దొర్లించుకొనదగిన పోర్టబుల్ ఏ.సి.లు బజారునకు వచ్చినవి. ఈ సౌకర్యమును మేము నిరసింపము. దాని వెల దుకాణములోనే ముగియదని మాత్రము చెప్పదలచితిమి.

గోడకు బిగించు స్ప్లిట్ ఏ.సి.లో వేడి భాగము ఇంటి వెలుపల నుండును. ఇందులో వేడి భాగమును చల్లని భాగమును ఒకే పెట్టెలో గదిలోనే యున్నవి. ఒంటి గొట్టపు యంత్రము గదిలోని గాలినే పీల్చి, దానితో తన వేడిని చల్లార్చుకొని, ఆ గాలిని కిటికీగుండ బయటికి నెట్టును. ఎంత గాలి వెడలునో అంత గాలి తలుపుసందులనుండి లోనికి రావలసినదే. వచ్చునది వడగాలి! గొట్టము సహా కాగుచుండును. కనుక కోరిన చల్లదనము గదికి కుదరదు, యంత్రమునకు విశ్రాంతి దొరకదు.

ఒక టన్ను యంత్రము గంటకు ఒక యూనిట్టుకు పైగా లాగును. రాత్రికి ఎనిమిది గంటల చొప్పున నెలకు సుమారు 300 యూనిట్లు. 2022లో విద్యుత్ నియంత్రణ మండలి నిర్ణయించిన గృహధరల ప్రకారము, 150 యూనిట్లు వాడు కుటుంబమునకు కరెంటు ఖరీదు 567 రూపాయలు. ఈ 300 చేరి 450 అయినచో అది 3,035 రూపాయలు దాటును. వాడకము మూడింతలు, సొమ్ము అయిదింతలకు పైన. 225 యూనిట్లు దాటగానే యూనిట్టు 8 రూపాయల 75 పైసలు, 400 దాటిన 9 రూపాయల 75 పైసలు కావుటయే యిందుకు కారణము. సర్దుబాటు చార్జీలు మొదలగునవి వేఱు. వాని సంగతి పాఠకులకు బిల్లు చూచినప్పుడెల్ల తెలియుచునే యున్నది.

గుంటూరు చుట్టునున్న కోల్డు స్టోరేజీలను జూడుడు. దళసరి గోడలు, వేడిని రానీయని పొరలు, బిగువైన తలుపులు. చల్లగాలి పోయిన ధనము పోయినట్లే యని మిర్చి వర్తకునకు తెలియును. మిరపకాయల టిక్కీకి జరుగు మర్యాద మనుష్యునికి జరుగుట లేదు.

అమెరికా ఇంధనశాఖ 2016లో ఈ యంత్రములకు క్రొత్త పరీక్ష నేర్పఱచినది. లోనికి జొరబడు వేడిగాలిని, గొట్టపు వేడిని లెక్కలోనికి దీయగా, 14,000 బి.టి.యు. అని యమ్ముడువోవు యంత్రములలో ననేకము పదివేలకు లోబడినవి. మన దేశమున 2001 నాటి ఇంధన పొదుపు చట్టముచే ఏర్పడిన ఇంధన సామర్థ్య సంస్థ స్ప్లిట్ ఏ.సి.లకు నక్షత్రముల చీటీని నిర్బంధము చేసినది. చక్రముల యంత్రముపై అట్టి చీటీ తఱచుగా కానరాదు. గొట్టము తగిలించి, బయటి వేడిగాలిని లెక్కించి పరీక్షించిన ఫలితమును పెట్టెపై అచ్చువేయింపవలెనని మేము కోరుచున్నాము. కొనువాడు తన జీతమును చూచుకొని కొనును.

ఈలోగా పలనాటి పొడియెండలకు నీటి కూలరే చాలును. అది వాడు కరెంటు ఫ్యానుకంటె కొంచె మెక్కువ. చీరాల, ఒంగోలు వైపున సముద్రపుగాలి తేమకు అది పనిచేయదు. అచ్చట ఏ.సి. తప్పదన్నచో స్ప్లిట్ యంత్రమే మేలు. అయిదు నక్షత్రములది అంతే చల్లదనమును సగము కరెంటుతో నిచ్చును.

దానికి కావలసినది గోడలో మూడంగుళముల రంధ్రము. ఇల్లు ఖాళీచేయునాడు సిమెంటుతో పూడ్పించి పోవుదునని అద్దెవాడు వ్రాసి యిచ్చినచో యజమానులకు వచ్చు నష్టమేమి?