జీతమెంతో అడిగారు, చోటెక్కడో అడిగారా?



ఈ వారం ధ్యానానికి ఆదికాండము 45 నుంచి 47 వరకు మూడు అధ్యాయాలు దగ్గర పెట్టుకొని చదవండి. చదివాక ఈ మాటలు వినండి. కొందరికి గట్టిగా తగులుతాయి. తగలాలనే రాస్తున్నాను.

మన కదిరి, తలుపుల, తనకల్లు, గాండ్లపెంట వైపు కువైట్ పేరు తెలియని పసిబిడ్డ కూడా లేడు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే నేల మనది, అదీ పడాల్సిన వేళకు పడదు. శెనక్కాయ ఊడలు దిగే సమయానికి మబ్బు మొహం చాటేస్తుంది. బోరు వేస్తే దుమ్ము లేస్తుంది, అప్పు మిగులుతుంది. అందుకే జనం పోతారు. కొందరు బెంగుళూరుకు, కొందరు కేరళకు, కొందరు గల్ఫుకు. పోవడం పాపమని నేను చెప్పను. కరువు వస్తే అబ్రాహాము ఐగుప్తుకు పోయాడు. ఇస్సాకు గెరారుకు పోయాడు. యాకోబు ఇంటివారంతా పోయారు. వలస మన లేఖనాల్లోనే ఉంది.

నా మాట వేరే. వీసా వచ్చిన ఇంట్లో నాలుగు ప్రశ్నలు అడుగుతారు. జీతం ఎంత? ఏజెంటుకు ఎంత కట్టాలి? ఎన్నేళ్లు ఉండాలి? పయనం ఎప్పుడు? ఐదో ప్రశ్న ఎవరూ అడగరు. అక్కడ నువ్వు ఉండేది ఎక్కడ? ఏ ఊరు, ఏ ఇల్లు, గదిలో ఎంతమంది, రాత్రి తలుపు తాళం ఎవరి చేతిలో ఉంటుంది? బిడ్డకు సంబంధం చూస్తే అత్తగారింట్లో బాత్‌రూం ఎక్కడుందో కూడా చూసి వస్తాం. అదే బిడ్డను సముద్రం దాటిస్తున్నప్పుడు ఇంటి నంబరు కూడా అడగం. ఇది విశ్వాసమా, నిర్లక్ష్యమా?

యోసేపు ముందు చెప్పింది చోటు

ఇప్పుడు వాక్యంలోకి రండి. యోసేపు తన అన్నలకు తనను తాను తెలియజేసుకున్నాడు. ఇంకా అయిదేళ్లు కరువు ఉందని చెప్పాడు, తండ్రిని తీసుకొని రమ్మన్నాడు. ఆ పిలుపులోనే చోటు పేరు ఉంది: గోషెను (45:10). అక్కడైతే తనకు దగ్గరగా ఉంటారని కూడా చెప్పాడు. కనానులో వాళ్లు ఇంకా మూట కట్టలేదు, బండ్లు ఎక్కలేదు. అప్పటికే ఎక్కడ ఉండాలో తేలిపోయింది.

యాకోబు ఏం చేశాడు? అంత వయసులో, చనిపోయాడనుకున్న కొడుకును చూడబోతున్న సంతోషంలో కూడా, గోషెనుకు త్రోవ చూపించడానికి యూదాను ముందు పంపాడు (46:28). వెనక డెబ్బైమంది ఇంటివారున్నారు. తెలిసిన మనిషి ముందు పోయి చోటు చూసుకోవాలని ఆ ముసలాయనకు తెలుసు.

ఇక యోసేపు ఫరో ముందుకు తన సహోదరులను ఊరికే పంపలేదు. మీ వృత్తి ఏమిటని రాజు అడుగుతాడు, పశువులు మేపేవాళ్లమని చెప్పండి అని నేర్పించి పంపాడు (46:33, 34). ఐగుప్తీయులకు గొర్రెల కాపరులంటే అసహ్యం. ఆ అసహ్యాన్నే లెక్కలోకి తీసుకొని తనవాళ్లకు వేరే ప్రదేశం సంపాదించాడు. ఆ దేశపు పద్ధతులు తెలిసిన బంధువు చేయాల్సిన పని అది. వెళ్లిన సహోదరులు రాజు ముందు నోరు తెరిచి చోటు అడిగారు. సిగ్గుపడలేదు. ఏ మూల ఇచ్చినా దేవుడున్నాడులే అనలేదు.

దీనికి ఎదురుగా ఆదికాండము 13లో లోతు ఉన్నాడు. కన్నులెత్తి చూశాడు, యొర్దాను మైదానంలో నీళ్లు కనిపించాయి, అటు పోయాడు. నీళ్లు చూశాడు కాని ఇరుగుపొరుగును చూడలేదు. మన కరువు సీమవాళ్లకు ఈ శోధన బాగా తెలుసు. దినార్ల లెక్క వినగానే మనకు కనిపించేది నీళ్ల మైదానమే. దాని పక్కనున్న సొదొమ కనిపించదు.

మంగాఫ్ మనకు చెప్పిన సంగతి

2024 జూన్ 12 తెల్లవారుజామున కువైట్‌లోని మంగాఫ్‌లో కార్మికులు ఉండే భవనం అంటుకుంది. అందులో దాదాపు రెండొందల మంది ఉన్నారు. చనిపోయినవాళ్లలో 45 మంది మన భారతీయులు. ఎక్కువమంది కేరళవాళ్లు, ముగ్గురు మన ఆంధ్ర రాష్ట్రం వాళ్లు. చాలామంది నిద్రలోనే పొగకు ఊపిరాడక పోయారు. గదుల మధ్య పెట్టిన అడ్డుగోడలు మండే సరుకుతో చేసినవని, పైకప్పుకు పోయే తలుపు తాళం వేసి ఉందని దర్యాప్తు చేసినవాళ్లు చెప్పారు.

వాళ్లు పనిచేసే చోట చావలేదు. పడుకునే చోట చనిపోయారు. మంచి జీతం, సరైన వీసా, నెలనెలా ఇంటికి డబ్బు, అన్నీ ఉన్నాయి. వాళ్ల ప్రాణం ఆ రాత్రి ఒక తలుపు మీద, ఒక అడ్డుగోడ మీద ఆధారపడింది.

ద్వితీయోపదేశకాండము 22:8 చదవండి. కొత్త ఇల్లు కట్టించేవాడు పైకప్పుకు పిట్టగోడ కట్టాలి, లేకపోతే అక్కడనుంచి పడిన మనిషి రక్తాపరాధం ఆ ఇంటి మీదికి వస్తుంది. పిట్టగోడ ఎత్తు కూడా దేవునికి పట్టింపే. అలాంటప్పుడు గదిలో ఎన్ని మంచాలు, తలుపు ఎటు తెరుచుకుంటుంది అని అడగడం భక్తికి తక్కువ ఎలా అవుతుంది?

ఇంకొక సంగతి గుర్తుచేసుకోండి. 2020 ఏప్రిల్‌లో కరోనా వచ్చినప్పుడు కువైట్ ప్రభుత్వం పూర్తిగా మూసేసిన రెండు ప్రాంతాలు జిలీబ్, మహబూలా. రెండూ వలస కూలీలు కిక్కిరిసి ఉండే చోట్లు. అక్కడ బెడ్ స్పేస్ తీసుకున్నవాడు మూడు నెలలు బయటికి రాలేకపోయాడు. అదే పని చేస్తూ వేరేచోట ఉన్నవాడి గతి వేరు. మనిషి ఒకడే, పని ఒకటే, చోటు మారితే బతుకు మారింది.

ఇంటి పనికి పోయే మన అక్కచెల్లెళ్లు

మన పల్లెల నుంచి పోయేవాళ్లలో ఆడవాళ్లు చాలామంది ఇంటి పనికే పోతారు. అది ఇరవయ్యో నంబరు వీసా. ఆ వీసా మీద పోయినామెకు కఫీల్ ఇల్లే ఇల్లు. అంటే వీసా ఒప్పుకున్న రోజే ఉండే చోటు కూడా ఒప్పుకున్నట్టే. ఆ ఇల్లు వదిలి బయటపడితే పారిపోయిందని కేసు పెడతారు, అకామా పోతుంది. అందుకే ఆమె విషయంలో చోటు ప్రశ్న అందరికంటే ముందు అడగాలి. చాలా ఇళ్లలో అది అసలే అడగరు.

కువైట్‌లో 2015లో ఇంటి పనివాళ్ల కోసం 68వ నంబరు చట్టం చేశారు. రోజుకు 12 గంటలకు మించి పని చేయించకూడదు, వారానికి ఒకరోజు సెలవు ఇవ్వాలి, పాస్‌పోర్టు యజమాని తన దగ్గర పెట్టుకోకూడదు, తగిన వసతి యజమానే ఇవ్వాలి. కాగితం మీద ఇవన్నీ ఉన్నాయి. కాని మన చెల్లి తెలుగు చదవడమే కష్టమైతే అరబీ కాగితం మీద ఏముందో ఆమెకు ఎవరు చెప్పాలి?

మన దేశం చట్టం కూడా ఉంది. పదో తరగతి పాస్ కానివాళ్ల పాస్‌పోర్టు మీద ఈసీఆర్ ముద్ర పడుతుంది. ఆ ముద్ర ఉన్న ఆడబిడ్డ 30 ఏళ్లు నిండకుండా గల్ఫులో ఇంటి పనికి పోకూడదు. ఈ నిబంధనను తప్పించడానికే కొందరు ఏజెంట్లు విజిట్ వీసా ఇచ్చి ముందు దుబాయికో మస్కట్‌కో దించుతారు. అలా పోయిన బిడ్డ ఏ లెక్కలోనూ ఉండదు. రేపు ఆపద వస్తే ఆమె ఎక్కడుందో ఎంబసీకి తెలియదు, ఆమెకూ తెలియదు.

ద్వితీయోపదేశకాండము 23:15, 16 మన వేదికల మీద చాలా తక్కువగా వినిపించే వచనాలు. యజమాని దగ్గర నుంచి తప్పించుకొని వచ్చిన దాసుణ్ణి తిరిగి అప్పగించకూడదు. అతను తనకు నచ్చిన ఊళ్లో ఉండొచ్చు. తనకు నచ్చిన చోట ఉండే హక్కును మోషే ధర్మశాస్త్రం పారిపోయి వచ్చిన దాసుడికి ఇచ్చింది. కువైట్‌లో తలుపు మూసిన ఇంటినుంచి బయటపడిన ఆడబిడ్డను మన ఊరే ఇంకోలా చూస్తుంది. "ఏం చేసి పారిపోయిందో" అంటుంది. వాక్యం తెలిసినవాళ్లు కూడా ఆ మాటకు తల ఊపుతున్నారు. ఇది సిగ్గుచేటు.

నా తోటి సేవకులకు ఒక మాట

"అయ్యగారూ, మా పాపకు వీసా వచ్చింది, ప్రార్థన చేయండి" అని వస్తారు. మనం వీసా మీద చేయి పెట్టి ప్రార్థిస్తాం. అబ్రాహామును పిలిచిన దేవుడు నిన్ను పిలిచాడంటాం. కొందరైతే కువైట్‌ను పాలు తేనెలు ప్రవహించే దేశమని ప్రకటిస్తారు. మొదటి నెల జీతం కానుకగా ఇమ్మంటారు. రెండేళ్లకు ఆ డబ్బుతో మందిరానికి రేకులో, మైకు సెట్టో వస్తాయి. ఆమె ఏ వీధిలో ఉందో పుస్తకంలో రాసుకున్న సంఘం ఎన్ని ఉన్నాయి? కానుక పంపే చేయి తెలుసు, ఆ చేయి నిద్రపోయే చోటు తెలియదు. వాగ్దాన దేశమని ఏజెంటు చెప్పాలి గాని పాస్టరు చెప్పకూడదు. దేవుడు అబ్రాహామును పంపినప్పుడు కమీషను తీసుకోలేదు.

"దేవుడు అన్నిచోట్లా ఉన్నాడు కదా" అని జవాబు చెబుతారు. ఉన్నాడు. సింహాల గుహలోనూ ఉన్నాడు. అయితే దానియేలు ఆ గుహను అద్దెకు తీసుకోలేదు.

"పేదవాడికి ఎంచుకునే అవకాశం ఎక్కడుంది?" ఇది బలమైన మాట, దీన్ని తోసేయను. అప్పు ఇచ్చినవాడు వాకిట్లో కూర్చుంటే గోషెను అడిగే ధైర్యం రాదు. కాని యాకోబు ఇంటివారు కూడా ధాన్యం అయిపోయి పోయినవాళ్లే. చేతిలో ఉన్న అవకాశం చిన్నదే కావచ్చు. చిన్నదని దాన్ని పారేయకూడదు. ఈ కఫీల్ కాదు ఆ కఫీల్, ఈ ఏజెంటు కాదు ఆ ఏజెంటు, ఈ నెల కాదు మూడు నెలల తర్వాత, ఇంతవరకు మన చేతిలో ఉంటుంది. ఆపైన కావాల్సింది సంఘం చేయి.

"గోషెనులోనే కదా చివరికి దాసులయ్యారు" అని తెలిసినవాళ్లు అడగొచ్చు. నిజమే. యోసేపును ఎరుగని రాజు వచ్చాడు. మంచి చోటు శాశ్వత భద్రత కాదు. అయినా ఒకేచోట కలిసి ఉన్నందువల్లే తమ భాష, తమ పేర్లు, తమ దేవుణ్ణి మరిచిపోలేదు. బయలుదేరే రోజు వచ్చినప్పుడు కలిసి బయలుదేరగలిగారు.

పయనానికి ముందు

బాబా ఇల్లు ఏ ప్రాంతంలో ఉంది, ఆ ఇంట్లో ఇంతకుముందు పనిచేసిన మనిషి ఎవరు, ఆమె ఎందుకు మానేసింది అని అడగండి. ఫోన్ చేతిలో ఉంటుందా, శుక్రవారం సెలవుందా అని అడగండి. కంపెనీ పనికైతే గదిలో ఎంతమంది, వంట గ్యాసు ఎక్కడ, రెండో మెట్లదారి ఉందా అని అడగండి. ఆజాద్ వీసా అంటే కఫీల్ ఒకచోట, పని ఒకచోట, పడక ఇంకొకచోట. పోలీసు ఆపిన రోజు మూడింటిలో ఏదీ నీది కాదు. ఏజెంటుకు లైసెన్సు ఉందో లేదో ఈ-మైగ్రేట్‌లో చూడండి. 30 దాటిన మన ఆడవాళ్ల కోసం ప్రభుత్వ సంస్థ ఓంక్యాప్ ఉంది. ప్రవాసీ భారతీయ బీమా రెండేళ్లకు 275 రూపాయలు, పది లక్షల భరోసా. ఒక పూట ప్రయాణ ఖర్చు కూడా కాదది.

ఆరాధన సంగతి కూడా అడగండి. కువైట్ నగరంలో నేషనల్ ఎవాంజెలికల్ చర్చి ప్రాంగణంలో ఎన్నో భాషలవాళ్లు కూడుకుంటారు. సౌదీలో ఒక్క చర్చి కట్టడానికి కూడా అనుమతి లేదు. ఐదు వేలు ఎక్కువ జీతానికి దేశం మార్చుకునే ముందు ఇది కూడా తూకంలో వేయండి. శుక్రవారం ఒక్క గంట మన భాషలో ప్రార్థించుకునే చోటు ఉంటే మిగిలిన ఆరు రోజులు మోయగలిగిన మనుషులను నేను ఎరుగుదును.

సంఘాలకు చివరి మాట. ప్రతి మందిరంలో ఒక పుస్తకం పెట్టండి. పోయినవారి పేరు, పాస్‌పోర్టు నంబరు, కఫీల్ పేరు, ప్రాంతం, ఇల్లు, ఫోన్ రాయండి. కానుకల పుస్తకం కంటే ముందు ఆ పుస్తకం తెరవండి. ముందే వెళ్లి అక్కడ స్థిరపడినవాళ్లు యోసేపులా కొత్తవాళ్లకు చోటు చూడండి, యూదాలా త్రోవ చూపండి. చెరకు పోయినవారికి యిర్మీయా రాసిన ఉత్తరంలో (29వ అధ్యాయం) ఇండ్లు కట్టుకొని కాపురముండమని, ఆ పట్టణపు క్షేమం కోసం ప్రార్థించమని ఉంది. ఎక్కడున్నారో తెలియనివాళ్లకు ఉత్తరం ఎలా రాస్తాం?

ప్రార్థన: పరలోకమందున్న మా తండ్రీ, మా కరువు నేల నుంచి అన్నం కోసం వెళ్లిన నీ బిడ్డలను జ్ఞాపకం చేసుకో. మూసిన తలుపుల వెనక ఉన్నవారికి తోడుగా ఉండు. వెళ్లబోయేవారికి అడిగే ధైర్యమియ్యి. మందిరాల్లో ఉన్న మాకు వారి చోటు తెలుసుకునే ప్రేమనియ్యి. తల దాచుకోను చోటులేక ఈ లోకంలో తిరిగిన యేసు నామంలో అడుగుతున్నాం తండ్రీ. ఆమేన్.